ఆటు పెన్నీ

హాలిఫాక్స్‌లో కొండమీది వీధులకు ఎక్కే బస్సులో కండక్టరుగా పనిచేసిన క్లెమెంట్ బారక్లఫ్‌కు ఒక అలవాటుండేది. ఎవరు పెన్నీ చేతిలో పెట్టినా తిన్నగా తోలుసంచిలో వేసేవాడు కాదు. తల ఉన్న వైపు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి, కిటికీ వెలుతురుకు కాస్త వాల్చి ఇంకొకసారి చూసి, అప్పుడు టికెట్టు ఇచ్చేవాడు.

మిల్లుకు పోయే ఆడవాళ్లకు అదొక వేళాకోళం.

"ఏం క్లెమ్, మా రాజుగారు గడ్డం దువ్వుకున్నారా లేదా?" అనేది ఒకావిడ.

"రాజుగారు బానే ఉన్నారమ్మా. నీ చేతుల్లో పడి ఆయన ముక్కే అరిగిపోయింది."

"నా ముక్కూ అరిగింది. నన్నెవరూ అంత ముద్దుగా తిప్పి తిప్పి చూడరేం?"

బస్సంతా గొల్లుమనేది. ముందు గదిలోంచి డ్రైవరు సెత్ హోల్‌రాయిడ్ వెనక అద్దం మీద టకటకా కొట్టేవాడు. సెత్, క్లెమ్ ఒకే బళ్లో చదివి, ఒకే ఏడాది డిపోలో చేరినవాళ్లు. బండి దిగాక సెత్ తిట్టేవాడు. "ఒరే, నీ పెన్నీల ప్రార్థన అయ్యేదాకా కొండ ఎక్కకుండా ఆగమంటావా? పైన ఉన్నవాళ్లకి కూడా ఆకలేస్తుందిరా."

క్లెమ్ నవ్వేసి ఊరుకునేవాడు. తనకు కావలసిన పెన్నీ కనిపిస్తే సొంత జేబులోంచి ఇంకో పెన్నీ తీసి సంచిలో వేసి, దాన్ని గుడ్డముక్కలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. అందులో అన్యాయమేమీ లేదని డిపోలో అందరికీ తెలుసు.

పెన్నీలన్నీ ఒకటే కదా అనుకునేవాళ్లకు అన్నీ ఒకటే. చూసే కన్ను ఉంటే అలా కాదు. ఒక ఏడాది టంకసాలకు చేతినిండా పనుండి కొన్ని పెన్నీలను బర్మింగ్‌హామ్‌లో కొట్టించారు. వాటి మీద అంకెల పక్కన చీమ తలంత అక్షరం ఒకటి ఉంటుంది. ఇంకో ఏడాది రాజుగారి తలను ఒక పిసరు చిన్నది చేశారు. అది ముందు చేసిన అచ్చా, తర్వాత చేసిన అచ్చా అని తేల్చుకోవడానికి క్లెమ్ ఒక ఆదివారమంతా భూతద్దం పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఇంతా చేసి అతను పెద్ద చదువరి కాడు, డబ్బున్నవాడూ కాడు. ఈ పిచ్చి అతనికి అంటించింది ఆరేళ్ల పిల్ల. పేరు బెరిల్. అతని కూతురు.

అది యుద్ధం అయిపోయిన కొత్త. క్లెమ్ తల్లి పక్కవీధిలో ఒక్కతే ఉండేది. ఆదివారం చాపెల్‌లో ప్రార్థన అయ్యాక బెరిల్ తల్లి వంటకు ఇంటికి పోతే, తండ్రీ కూతుళ్లు తిన్నగా నాయనమ్మ ఇంటికే వెళ్లేవాళ్లు. ఒకరోజు ముసలావిడ టీ డబ్బా వెనక నుంచి ఫ్లానెల్ గుడ్డమూట తీసి విప్పింది. అందులో ఒక పెన్నీ. ఎడ్వర్డ్ రాజుగారు పట్టాభిషేకం చేసుకున్న ఏడాది కొట్టినది. ఆ రోజుల్లో కొత్తగా చేతికొచ్చినదాన్ని వచ్చినట్టే దాచింది. పొయ్యిలోంచి తీసిన నిప్పులా ఎర్రగా మెరిసిపోతోంది.

బెరిల్ అప్పుడే నల్లపాకం రాసిన రొట్టె తింటోంది. వద్దు వద్దనేలోపే పెన్నీని వేళ్లతో పట్టేసుకుంది.

"ఓసి నీ చేతులు పడ! ఇన్నేళ్లు కళ్లల్లో పెట్టుకుని దాచానే!" అని ముసలావిడ అరిచింది.

బెరిల్ ఆ అరుపు విన్లేదు. పెన్నీ వెనక వైపు త్రిశూలం పట్టుకుని కూర్చున్న బ్రిటానియా బొమ్మ కేసి ముక్కు ఆనించి చూస్తోంది. "నాన్నా, దీంట్లో నీళ్లు తగ్గిపోయాయి," అంది.

"ఏం నీళ్లే?"

"సముద్రం. నీ దగ్గరున్న పెన్నీల్లో మోకాళ్ల దాకా ఉంటాయిగా. దీంట్లో గౌను అంచు దాకానే ఉన్నాయి. నీళ్లు వెనక్కి పోయాయి."

క్లెమ్ నవ్వాడు. అయినా పిల్ల మాట తీసెయ్యలేక జేబులోంచి అదే ఏడాది పెన్నీ ఒకటి తీసి పక్కన పెట్టాడు. పెట్టి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పిల్ల చెప్పింది నిజం. ఒకదాంట్లో బ్రిటానియా వెనక ఉన్న సముద్రం గీత ఆవిడ కాలి మీద కాలు వేసుకున్న చోటికి తాకుతోంది. రెండోదాంట్లో అది బాగా కిందికి దిగిపోయింది. బ్రిడ్లింగ్టన్ తీరంలో ఆటు వేళ నీళ్లు తీసినట్టే ఉంది. ఎన్ని వేల పెన్నీలు అతని చేతుల మీదుగా పోయి ఉంటాయి! ఒక్కసారీ చూడలేదు.

"తీసుకుపో, నీ కళ్లకే దక్కాలి అది," అని ముసలావిడ పెన్నీని మనవరాలికి ఇచ్చేసింది.

ఆ రోజు మొదలు తండ్రీ కూతుళ్లకు అదే ఆట. సాయంత్రం అతను తెచ్చిన పెన్నీలను వంటింటి బల్ల మీద పరిచేవాళ్లు. బెరిల్ కుర్చీ మీద మోకాళ్లూని ఒక్కొక్కటీ వెతికేది. ఆటు పెన్నీ మళ్లీ దొరకలేదు గానీ ఇంకేవేవో దొరికాయి. కొన్నాళ్లకు ఆటు పెన్నీ మీద ఒక వింత తేలింది. మెరిసే రాగి మీద, బ్రిటానియా డాలు పక్కన, పిల్ల పాకం చేత్తో పట్టుకున్న చోట బొటనవేలి ముద్ర ముదురు గోధుమరంగులో పైకొచ్చింది. ఒక్కొక్క గీతా లెక్కపెట్టొచ్చు. నడిమిన చిన్న సుడి.

"అది నేనే," అని బెరిల్ తండ్రితో గొప్పగా చెప్పుకుంది.

తల్లి మేబెల్‌కు ఈ ఆట నచ్చేది కాదు. ఆవిడ టాఫీలు చేసే మిల్లులో పనిచేసేది. చేతులు శుభ్రంగా లేకపోతే అక్కడ గేటు దాటనివ్వరు. "ఎవరెవరి చేతుల్లోవో, ఎవరెవరి జేబుల్లోవో. అన్నం తినే బల్ల మీద పరుస్తారా? చేతులు కడుక్కో బెరిల్! మళ్లీ కడుక్కో!" అని రోజూ ఒకటే పోరు.

రెండేళ్ల తర్వాత వేసవిలో పోలియో భయంతో ఊళ్లో ఈతకొలను మూసేశారు. సినిమాహాలుకు పిల్లల్ని పంపొద్దన్నారు. ఒకరోజు పొద్దున బెరిల్ మెడ నొప్పంది. మధ్యాహ్నానికి జ్వరం. సాయంత్రం మంచం దిగబోతే కాళ్లు నిలవలేదు.

అంటురోగాల ఆసుపత్రి ఊరి బయట ఉండేది. పిల్లను లోపలికి తీసుకుపోయాక తల్లిదండ్రులు అద్దం బయట నుంచే చూడాలి. ఊపిరాడించే ఇనపపెట్టెలో మెడదాకా పడుకోబెట్టారు. తల తిప్పలేకపోయేది. వాళ్లు వచ్చారని నర్సు చెబితే కళ్లు మాత్రం అటు కదిలించేది. ఒకరోజు నర్సు బయటికొచ్చి, "మీ పాప ఏదో అడుగుతోందండీ, మాకు అర్థం కాలేదు. నీళ్లు తిరిగొచ్చాయా అని నాన్నని అడగమంది," అని చెప్పింది.

మర్నాడు క్లెమ్ ఆటు పెన్నీని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. అద్దానికి ఆనించి చూపిద్దామని. వాళ్లు వెళ్లేసరికి ఆ పెట్టె చుట్టూ తెర లాగేసి ఉంది.

అంత్యక్రియలైన మర్నాడే మునిసిపాలిటీ మనుషులు బండి తోలుకుని వచ్చారు. పిల్ల వాడినవన్నీ కాల్చేయాలి. పక్కింట్లో పురిటి పిల్ల ఉంది. మేబెల్ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పరుపు, దిండు, గౌన్లు, బొమ్మ, స్కూలు పుస్తకాలు, జడరిబ్బను, అన్నీ తన చేత్తోనే తెచ్చి బండిలో వేసింది. మిగిలిందల్లా స్కూలువాళ్లు తీసిన ఒక ఫొటో. అందులో బెరిల్ సరిగ్గా ఆ క్షణాన తల తిప్పింది, ముఖం చెదిరిపోయింది.

"ఇంకేమైనా ఉన్నాయామ్మా?" అని బండివాడు అడిగాడు.

మేబెల్ మొగుడి వైపు చూసింది. క్లెమ్ లేవన్నట్టు తలూపాడు. చొక్కా జేబులో పెన్నీ గుండెకు తగులుతూనే ఉంది. పెళ్లాం కడుపు కోసి ఇచ్చినట్టు ఒక్కొక్కటీ ఇచ్చేస్తుంటే తాను ఒకటి దాచుకున్నాడు. అప్పటికప్పుడు నోరు పెగల్లేదు. ఆ రోజు చెప్పనివాడు మర్నాడెలా చెబుతాడు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పెన్నీని డిపోలో తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. చాలా ఏళ్లు అది అక్కడే ఉంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో బెరిల్ పేరు వినపడలేదు. ఒకరి కోసం ఒకరు ఊరుకుంటున్నామనుకున్నారు. ఆవిడ ఏడుస్తుందేమోనని అతను ఎత్తలేదు. అతను తట్టుకోలేడేమోనని ఆవిడ ఎత్తలేదు. ఒక ఏడాది గడిచింది, ఐదేళ్లు గడిచాయి, ఇక ఎత్తడానికి దారే లేకుండా పోయింది.

మేబెల్ ఇల్లు తోమడంలో పడింది. గుమ్మం మెట్టును రాయితో రుద్ది తెల్లగా చేయడం ఆ వీధిలో అందరూ చేసేదే, వారానికోసారి. మేబెల్ రోజూ చేసేది. పొయ్యి, తలుపు గొళ్లేలు, కిటికీ చట్రాలు. టీ కెటిలు దగ్గర నుంచి గడియారం పెండ్యులం దాకా ఆవిడ చెయ్యి పడి మెరవని వస్తువు లేదు. క్లెమ్ పెన్నీల్లో పడ్డాడు. వడ్రంగి పని తెలిసిన సెత్ చేత పల్చటి సొరుగులున్న చెక్కపెట్టె చేయించుకున్నాడు. ఒక్కో పెన్నీకి ఒక్కో గుంట, అడుగున ఆకుపచ్చ ఉన్నిగుడ్డ. ఆ పెట్టె వచ్చాకే ఆటు పెన్నీ డిపో నుంచి ఇంటికి చేరింది. మూడో సొరుగులో ఎడమవైపు దాని చోటు. వందల పెన్నీల మధ్య ఒక పెన్నీ. మేబెల్ ఎప్పుడూ ఆ సొరుగులు తెరిచేది కాదు. భూతద్దం పెట్టుకుని అతను పెట్టె మీదికి వంగితే, ఆవిడ ఊలు అల్లుకుంటూ, "నాకంటే ఆ రాగి మొహాలే నయం నీకు," అనేది. అది నిష్టూరమో నవ్వో ఆవిడకే తెలియదు.

నెలకోసారి నాణేలు పోగేసేవాళ్లంతా ఒక హోటలు మేడమీద కలిసేవాళ్లు. దానికి పెద్ద ఫీల్డెన్ గారు, బ్యాంకులో చేసి దిగినాయన, మంచి మనిషి. ఒకసారి ఆటు పెన్నీ చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "బారక్లఫ్, ఇంత మెరుపుతో ఆటు పెన్నీని నేను చూళ్లేదయ్యా! అయ్యో పాపం, ఎవడో దరిద్రుడు వేలు పెట్టాడే. ఈ మచ్చ ఒక్కటీ లేకపోతేనా..."

"అవునండీ," అన్నాడు క్లెమ్. పెన్నీని తిరిగి గుడ్డలో చుట్టాడు.

అలా ఇరవై ఏళ్లు వెళ్లిపోయాయి. ముసలావిడ పోయింది. క్లెమ్‌కు జుట్టు తెల్లబడింది. కొత్త డబ్బు వస్తోందన్నారు. పాత పెన్నీలన్నీ వెనక్కి తీసుకుని కరిగించేస్తారట. డ్రైవరే టికెట్లిచ్చే బస్సులు వస్తున్నాయి, కండక్టర్లకు కూడా కాలం చెల్లింది. "మనల్ని కూడా కరిగిస్తార్రా," అన్నాడు సెత్. ఫీల్డెన్ గారు పాత పెన్నీకి వీడ్కోలుగా ఊరి లైబ్రరీలో ప్రదర్శన పెడదామన్నారు. మొదటి బల్ల బారక్లఫ్‌ది అని ఖాయం చేశారు.

సరిగ్గా అప్పుడే క్లెమ్‌కు పిత్తాశయంలో రాళ్లని ఆసుపత్రిలో చేర్చారు. కోత పెద్దది, అక్కడే కొన్నాళ్లుండాలి. రోజూ సాయంత్రం మేబెల్ వచ్చి కూర్చునేది. ఒకరోజు ఎందుకో ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఏంటి కథ? లాటరీ తగిలిందా?"

"నువ్వు ముందు ఇంటికి రా. వచ్చాక చూద్దువుగాని."

ఆవిడను చూస్తే అతనికి ముచ్చటేసింది. పెళ్లికి ముందు ఉండేది అలా, ఏదైనా దాచిపెట్టినప్పుడు పెదవి కొరుక్కుంటూ.

సెత్ కారులో దింపి వెళ్లాడు. ఇంట్లో పొయ్యి రగులుతోంది. మాంసం, బంగాళదుంపలు పెట్టి కాల్చిన రొట్టె వాసన గుమ్మందాకా వస్తోంది. మేబెల్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, చెక్కపెట్టె తెచ్చి ముందు పెట్టింది.

"ఊళ్లో వాళ్లంతా వచ్చి చూస్తారుగా. ఆ మురికితో పెడితే బారక్లఫ్ పెళ్లాం ఏం చేస్తోందనుకుంటారు? తెరువు."

అతను మొదటి సొరుగు లాగాడు. బంగారు పొలుసుల్లా పెన్నీలు ధగధగలాడాయి. రెండోది లాగాడు. అదీ అంతే. ఇత్తడి పాలిష్ వాసన గుప్పుమంది. ఏళ్ల తరబడి కాలం పట్టించిన రంగు పోతే ఆ నాణెం చచ్చినట్టేనని పోగేసేవాళ్లలో పసివాడికి కూడా తెలుసు. క్లెమ్ అదంతా ఆలోచించలేదు. తిన్నగా మూడో సొరుగు లాగాడు. ఎడమవైపు గుంటలోంచి పెన్నీ తీసి పొయ్యి వెలుతురుకు వాల్చాడు. రాజుగారి తల, వెనక బ్రిటానియా, డాలు. డాలు పక్కన అద్దంలా నున్నగా ఉంది.

"దీన్ని కూడా తోమావా?"

"దానికే అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది," అంది మేబెల్ సంబరంగా. "వెనక మచ్చొకటి మొండికేసింది. అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి పెట్టి రుద్దితే గానీ వదల్లేదు."

క్లెమ్ పెన్నీని గుంటలో పెట్టాడు. సొరుగు మూశాడు. లేవకూడని మనిషి లేచి, వెనక తలుపు తీసుకుని పెరట్లో బొగ్గుల గది దగ్గరికి పోయి నిలబడ్డాడు. చినుకులు పడుతున్నాయి. ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, "క్లెమ్, కుట్లు తెగిపోతాయి, లోపలికి రా. ఏమైంది? నేనేం చేశాను?" అని పిలుస్తూనే ఉంది. వెనక్కి చూడలేదు.

అరిచి ఉంటే ఆవిడ తట్టుకునేది. అతను అరవలేదు. పెట్టింది తిన్నాడు, అడిగిందానికి ఊ అన్నాడు. మనిషి మాత్రం అక్కడ లేడు. మేబెల్ ఉండబట్టలేక ఫీల్డెన్ గారింటికి వెళ్లి అడిగింది. ఆయన మెత్తగానే చెప్పారు. నాణేలను తోమకూడదమ్మా అన్నారు. ఆవిడ వీధిలో నడుస్తూనే ఏడ్చింది. ఇంటికి వచ్చి మొగుడితో, "నాకు తెలీదు క్లెమ్. ఒట్టు, నాకు తెలీదు," అంది.

"తెలుసు నీకు తెలీదని," అన్నాడతను. అంతే.

అప్పుడు మేబెల్ ఒక పని మొదలుపెట్టింది. అన్నిటికంటే ఆ మూడో సొరుగులో దాన్ని చూసే అతని ప్రాణం జారిపోయిందని ఆవిడ కనిపెట్టింది. అదేమిటో ఫీల్డెన్ గారిని అడిగి తెలుసుకుంది. ఇక ఎక్కడ పెన్నీ కనిపించినా వదల్లేదు. కసాయి దుకాణంలో, కూరగాయల బజారులో, చాపెల్ చందా డబ్బాలో. బ్యాంకుకు పోయి పెన్నీల సంచి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వంటింటి బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, మళ్లీ సంచి కట్టి ఇచ్చేసి ఇంకో సంచి తెచ్చేది. మురికి పెన్నీలను అన్నం తినే బల్ల మీద పరుస్తారా అని పోరినావిడ వేళ్లు నల్లబడిపోయాయి. తోటి ఆడవాళ్లు, "ఏమే మేబెల్, మీ ఆయన జబ్బు నీకూ అంటిందా?" అని నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వేది కాదు. ఎడ్వర్డ్ రాజు పెన్నీలు అప్పటికే అరిగిపోయి బోడిగా ఉండేవి. సముద్రం గీత ఎక్కడుందో వేలితో తడిమి చూడాల్సిందే.

క్రిస్మస్ దాటి చలి ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్లెమ్ పని నుంచి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. గుప్పిట చాపి విప్పింది.

"ఇదిగో. గౌను అంచు దాకానే. ఫీల్డెన్ గారికి కూడా చూపించాను, అదేనన్నారు. దొరికింది క్లెమ్! నువ్వు నాతో మళ్లీ మామూలుగా మాట్లాడు."

అరిగి నల్లబడ్డ పెన్నీ అది. నిజంగా ఆటు పెన్నీయే. క్లెమ్ దాన్ని చూశాడు, ఆవిడ నల్లటి వేళ్లను చూశాడు. 

"అది కాదు మేబెల్. ఆ మచ్చ... ఆ మచ్చ బెరిల్ది. దాని వేలిముద్ర. పాకం రొట్టె తింటూ పట్టుకుంది, మా అమ్మ ఇంట్లో. అదొక్కటే మిగిలింది."

మేబెల్ గుప్పిట మూసింది. తర్వాత చిన్నగా, "బండివాడు వచ్చిన రోజు నీ దగ్గరుందా?" అని అడిగింది.

"జేబులో ఉంది."

"నేను రిబ్బను కూడా ఇచ్చేశాను." ఆవిడ గొంతు మెల్లగా పెరిగింది. "రిబ్బనుకి దాని వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది, అది కూడా తీసుకోలేదు నేను. పక్కింటి పసిదానికి ఏమైనా అవుతుందని. నువ్వు చూస్తూ నిలబడ్డావు! ఇరవై ఏళ్లు నా ఇంట్లో నా బిడ్డ వేలు పెట్టుకుని, ఒక్కసారి, ఒక్కసారి రా మేబెల్ చూడు అనలేకపోయావా? చూపించి ఉంటే నేను తోమేదాన్నా? రోజూ ముద్దు పెట్టుకునేదాన్ని కదా!"

అతను గోడకు జారగిలబడ్డాడు. "చెబుదామనే అనుకున్నా. నాకు నోరు రాలేదు."

"నాకు వచ్చిందా మరి? నేనేమనుకుంటూ బతికానో తెలుసా నీకు? నువ్వు తెచ్చిన పెన్నీలే ఆ రోగాన్ని తెచ్చాయని. ఎవరి చేతుల నుంచి వచ్చాయో, దాని చేతులు సరిగ్గా కడిగించలేదు నేను, అందుకే పోయిందని. ఒక్కరోజు నిన్నొక మాట అన్నానా? పెట్టె తెరిస్తే భయమేసేది నాకు. మొన్న నువ్వు ఆసుపత్రిలో ఉంటే, ఇంక చాలు, ఆ మురికంతా నా చేత్తోనే కడిగేద్దాం, కడిగితే నీ మీద ఉన్న కోపం కూడా పోతుంది అనుకున్నా. ఏడుస్తూ తోమానవి. అన్నీ అయ్యేసరికి మనసు తేలికైంది కూడా."

తాను ఇంటికి మోసుకొచ్చిన పెన్నీల గురించి ఆ అనుమానం క్లెమ్‌కూ ఏనాడో వచ్చింది. వచ్చినప్పుడల్లా దాన్ని తొక్కేశాడు. ఇప్పుడు దాన్నే పెళ్లాం నోట విన్నాడు. గుమ్మం దగ్గరే మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ తలుపు వేసుకుని పైకి పోయింది.

మర్నాడు మేబెల్ సంచి సర్దుకుని స్కార్‌బరోలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ప్రదర్శన జరిగింది, మొదటి బల్ల ఖాళీగా ఉంచారు. కొత్త డబ్బు వచ్చింది. క్లెమ్‌ను బస్సు మీద నుంచి తీసి డిపోలో బళ్లు కడిగే పనిలో వేశారు. సెత్ రోజూ సాయంత్రం వచ్చి పొయ్యి వెలిగించి, ఏదో ఒకటి ఉడకబెట్టి పోయేవాడు.

"వెళ్లి తీసుకురారా."

"రమ్మనే మొహం ఏది నాకు?"

"ఉన్న మొహంతోనే వెళ్లు. మేబెల్ ఏమన్నా కొత్తగా చూస్తుందా దాన్ని?"

క్లెమ్ వెళ్లలేదు. మార్చిలో ఆవిడే వచ్చింది. కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుని, "నర్సు మనతో చెప్పిందే అప్పుడు, నీళ్లు తిరిగొచ్చాయా అని బెరిల్ అడిగిందని. అదేంటో నాకు చెప్పు. మొదటినుంచీ చెప్పు," అంది.

అతను చెప్పాడు. ముసలావిడ టీ డబ్బా, పాకం రొట్టె, "అది నేనే" అని పిల్ల అన్న మాట. ఆవిడ తనకు గుర్తున్నవి చెప్పింది. అతనికి తెలియనివి ఎన్నో ఉన్నాయి. బెరిల్ స్కూల్లో ఒక పిల్లవాడిని కొరికిందట. చీకటంటే భయం లేదు గానీ గడియారం గంట కొడితే చెవులు మూసుకునేదట. చలికోటు నీలం అని ఆవిడ, కాదు ఆకుపచ్చ అని అతను. తేల్చడానికి ఇంకెవరూ లేరు. ఆవిడ పూర్తిగా క్షమించిందని చెప్పలేం. కొన్ని రోజులు ఉన్నట్టుండి మాట మానేసి పైకి పోయేది. అతను కింద కూర్చుని కనిపెట్టుకుని ఉండేవాడు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఆవిడ పూలు చుట్టిన కాగితం చేత పట్టుకుని బయల్దేరబోతూ ఆగింది. "వస్తావా?" అంది. ఇన్నేళ్లుగా మంగళవారాలు బజారుకని చెప్పి తాను పోయేది బెరిల్ సమాధి దగ్గరికని అప్పుడు చెప్పింది. క్లెమ్ ఆ స్మశానం గేటు ముందు నుంచి బస్సు మీద కొన్ని వేలసార్లు పోయాడు. ఆ స్టాపు పేరు తన నోటితోనే కేకేశాడు. పూడ్చిన రోజు తప్ప ఒక్కనాడూ దిగలేదు.

ఇద్దరూ బస్సు దిగారు. పైన గాలి విసురుగా ఉంది. గడ్డి తడిగా ఉంది. క్లెమ్ టోపీ చేత పట్టుకుని తనకు గుర్తున్న దారి పట్టి గబగబా కొంత దూరం పోయాడు. రాళ్ల వరసల మధ్య నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎక్కడా పోల్చుకోలేకపోయాడు.

"అటు కాదు క్లెమ్," అని మేబెల్ వెనక నుంచి పిలిచింది. "ఇటు."

వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ తర్వాత రెండు చలికాలాలు బతికాడు క్లెమెంట్ బారక్లఫ్. ఆరోగ్యం సరిగ్గా ఉన్న మంగళవారమల్లా ఆవిడతో పాటు ఆ కొండ ఎక్కాడు.